ఆయాసమును నడకయు

సికిందరాబాదులో ముషీరాబాదు ప్రాంతమున నేడు గాంధీ వైద్యశాల యున్నచోట పూర్వము చెఱసాల యుండెడిది. 2003వ సంవత్సరమున వైద్యశాల అచ్చటికి మాఱినది. అంతకుముందు అది రైలుస్టేషనునకు సమీపమున నుండెను. ఆంగ్లేయుల దినములలో దానికి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి యని పేరు. పల్లెనుండి రైలులో వచ్చిన రోగి బండి కట్టించుకొనకయే నడచిపోదగిన దూరమది. కాని దగ్గుతోను ఆయాసముతోను వచ్చినవానికి ఆ కొద్దిదూరమే కొండంత దూరము. నాలుగడుగులు వేయును, నిలుచును, స్తంభము పట్టుకొని ఊపిరి తీసికొనును, మరల నాలుగడుగులు వేయును. వెంట వచ్చినవారికి అప్పుడొక సందేహము పుట్టును: ఇతనిని నడిపించుట మేలా? మోసికొనిపోవుట మేలా?

గ్రామములలో పెద్దలైనవారిని ఇట్టి సందేహము పలుమారులు అడుగుచుందురు. ఒక యింటిలో తండ్రికి ఉబ్బసము. వేఱొకయింట క్షయ నయమైనను తల్లికి ఆయాసము తగ్గలేదు. ఇంకొకచోట ముప్పదియేండ్లు చుట్టలు కాల్చిన తాతకు మెట్టెక్కినచో ఊపిరి అందదు. మందుసంగతి వైద్యుడు చెప్పును. ఇంటికి వచ్చిన పిదప పడుకొనబెట్టవలెనా, పొలము గట్టుదాక పోనీయవలెనా యన్నది ఇంటివారు, ఊరిపెద్దలు తేల్చుకొనవలసినదిగా మిగులును. ఈ చిన్న ప్రశ్నకు వెనుక రెండువేలయేండ్ల చరిత్ర గలదు. అందు మన తెలుగునేలకును, ఇరుగుపొరుగు నేలకును కొంత గౌరవప్రదమైన భాగము గలదు. ఆ చరిత్ర తెలిసినచో నేటి జవాబు ఏల ఇట్లున్నదో తెలియును.

మొదట మన ప్రాచీన వైద్యులను అడుగుదము. చరకసంహిత రాజయక్ష్మకు నాలుగు కారణములు చెప్పినది: సాహసము, మలమూత్రాది వేగములను నిలిపివేయుట, ధాతుక్షయము, వేళాపాళా లేని తిండి. ఇందు మొదటిదైన సాహసమనగా తన బలమునకు మించిన పనికి పూనుట. పెద్ద విల్లును ఎక్కుపెట్టువారికిని, మోయరాని బరువు మోయువారికిని, తమకంటె బలవంతులతో పెనగులాడువారికిని ఱొమ్మునకు గాయమై రోగము పుట్టునని ఆ గ్రంథమే వేఱొక అధ్యాయమున చెప్పుచున్నది. తమకశ్వాస యను ఉబ్బసమును గూర్చి చెప్పుచు, రోగి పరుండినచో బాధ హెచ్చుననియు, కూర్చుండినచో సుఖించుననియు గమనించినది. మంచము ప్రక్కన కూర్చుండి చూచినవారు తప్ప ఇట్టి మాట వ్రాయలేరు.

సుశ్రుతుడు ఇంకొక మెట్టు ముందుకు పోయెను. వ్యాయామము తన బలములో సగము మేరకే చేయవలెననియు, అంతకు మించినచో హాని యనియు ఆయన నియమము. ఊపిరి నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తు. అయితే శోష, శ్వాస, కాస, ఉరఃక్షతము కలవారు వ్యాయామమును విడువవలెనని ఆయనయే నిషేధించెను. అదే గ్రంథమున మేహరోగిని గూర్చి చెప్పునప్పుడు మాత్రము విధి పూర్తిగా మాఱినది. ధనహీనుడైన మేహరోగి చెప్పులు లేక, గొడుగు లేక నూఱు యోజనములు నడువవలెను. లేదా నుయ్యి త్రవ్వవలెను.

ఇచ్చట పెద్దలు ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. శ్వాసరోగికి నడక కూడదు. మేహరోగికి నడకయే మందు. ఒక్క మనుష్యునియందే శ్వాసయు మేహమును కలిసియున్నచో ఏమి చేయవలెను? నేడు మన ఊళ్లలో అట్టివారే అధికము. ఈ చిక్కును మనస్సున నుంచుకొని ముందుకు పోవుదము.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో క్షయ ఇల్లిల్లు తిరుగుచుండెను. దానికి మందు లేదు. 1854లో హెర్మన్ బ్రెమర్ అను జర్మను వైద్యుడు క్షయ కుదురదగిన రోగమని సిద్ధాంతము చేసి, సైలీషియా కొండలలో గోర్బెర్స్‌డోర్ఫ్ అను పల్లెయందు వైద్యాలయము నెలకొల్పెను. క్షయరోగుల గుండె చిన్నదై బలహీనముగా నుండుననియు, కొండదారుల నడిచినచో అది బలపడి రోగమును వెడలగొట్టుననియు ఆయన తలంపు. గుండెను గూర్చిన ఆ మాట తప్పని తరువాత తేలినది. అయినను రోగులను కొలతప్రకారము నడిపించుట ఆయనతోనే ప్రబలెను. ఆయనవద్ద రోగిగా నుండి కోలుకొన్న డెట్‌వైలర్ అను వైద్యుడు 1876లో ఫాల్కెన్‌స్టైన్‌లో వేఱొక వైద్యాలయమునకు అధిపతియై, గురువునకు ఎదురుమార్గము పట్టెను. రోగులు వసారాలలో వాలుకుర్చీలపై కంబళ్లు కప్పుకొని గంటలకొలది కదలక పరుండవలెను. గురువు నడువుమనెను, శిష్యుడు పరుండుమనెను. లోకము శిష్యునివైపే మొగ్గినది.

ఇంగ్లండులో మాత్రము ఫ్రిమ్లీ శానిటోరియమున మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో మధ్యమార్గము త్రొక్కెను. జ్వరము తగ్గిన రోగి మొదట కొంతదూరము నడువవలెను. అది తట్టుకొన్న పిదప చిన్న బుట్టతో మట్టి మోయవలెను. ఆపైన చిన్న పాఱ, పెద్ద పాఱ, కడపట గడ్డపాఱ. ఒక్కొక్క మెట్టున జ్వరము చూచెడివారు. జ్వరము వచ్చినచో మరల పడకయే. ఇంటికి పోయి కూలిపని చేసికొనవలసిన పేదవారిని ఆ పనికి సిద్ధపఱచి పంపుట ఆయన ఉద్దేశము.

ఈ గాలి మన దేశమునకును వీచినది. క్రైస్తవ మిషనులు కలిసి 1912లో మదనపల్లెయందు క్షయ వైద్యశాలను ఆరంభించిరి. 1915లో అది ఊరికి వెలుపలనున్న ఆరోగ్యవరమునకు మాఱెను. డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధికారి. ఆయన వెనుక ఆ బాధ్యత వహించిన డాక్టరు పి. వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వమునకు క్షయ విషయమున సలహాదారుడయ్యెను. మదనపల్లె గట్టునేల, పొడిగాలి, చల్లదనము ఇందుకు అనువైనవని ఎంచిరి. హైదరాబాదు రాజ్యమున వికారాబాదు చెంత అనంతగిరి కొండలమీద నిజాము కాలముననే క్షయ వైద్యశాల వెలసినది. 1874లో వాడి నుండి సికిందరాబాదు వఱకు పడిన రైలుమార్గము వికారాబాదు మీదుగానే పోవును గనుక జంటనగరముల రోగులకు ఆ కొండ అందుబాటున నుండెను. ఎఱ్ఱగడ్డయందు నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టించిన ఇఱ్ఱంనుమా భవనపు ఆవరణలోనే తరువాత ఛాతివ్యాధుల ప్రభుత్వ వైద్యశాల నెలకొన్నది. రాజులు విహరించిన మేడచెంత దగ్గువారు చేరిరి.

శానిటోరియము వైద్యమనగా మంచిగాలి, మంచి తిండి, నెలలకొలది విశ్రాంతి. ఇది పెట్టిపుట్టినవారికి సాగును. రెండెకరాల మెట్ట నమ్ముకొన్న రైతు ఏడాది మంచమునబడినచో దున్నువాడెవడు? కల్లుగీత కార్మికుడు తాడెక్కనిచో పొయ్యిలో పిల్లి లేచునా? పడకలు వందలు, రోగులు లక్షలు. పడక దొరకనివాడు ఇంటికి పోయి, చాటుగా పని చేసికొనుచు, విశ్రాంతి లేదు గనుక తనకు చావు తప్పదని కుమిలిపోయెడివాడు. విశ్రాంతియే వైద్యమన్న నమ్మకము పేదవానికి రోగముపైన వచ్చిన రెండవ శిక్ష.

ఆ నమ్మకమును పరీక్షించి చూచిన ఘనత మన దక్షిణదేశమునకు దక్కినది. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలయందు స్ట్రెప్టోమైసిన్ బయల్పడెను. 1952లో ఐసోనియాజిడ్ అను చవుకయైన మాత్ర క్షయను చంపునని తేలెను. మందు వచ్చినది, ఇంక విశ్రాంతి మాటేమి? 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటను వైద్య పరిశోధన మండలి కలిసి చెన్నపట్టణమున ఒక పరిశోధన కేంద్రమును తెఱచినవి. డాక్టరు వాలస్ ఫాక్స్ దానికి నాయకుడు. పట్టణపు పేదవాడలనుండి వచ్చిన 193 మంది రోగులను చీట్లు తీసినట్లు రెండు భాగములు చేసిరి. ఒక భాగము శానిటోరియమునకు పోయెను. అచ్చట గాలి, వెలుతురు, పుష్టియైన తిండి, దాదుల సేవ, విశ్రాంతి. రెండవ భాగము తమ ఇఱుకు గుడిసెలలోనే యుండెను. అచ్చట చాలీచాలని తిండి, ఇంటిపని, బయటిపని. మందుమాత్రము ఇరువురికి నొక్కటే, ఏడాదికాలము.

ఏడాది చివర చూడగా, శానిటోరియములోని వారికి ఒళ్లు కొంత ఎక్కువ వచ్చెను గాని, రోగము అణగుటలో రెండు భాగములకు చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. అయిదేండ్లు వెంబడించి చూచినను తిరుగబెట్టుటలో అంతే. ఇంటనే యున్న రోగివలన ఇంటివారికి అదనముగా రోగము సోకినదియు లేదు. సోకవలసినది వైద్యమునకు ముందే సోకియుండెను. ఈ ఫలితము 1959లో ప్రకటింపబడగా లోకమంతట శానిటోరియముల తలుపులు ఒకటొకటిగా మూతపడసాగెను. 1961లో జిల్లాలవారీ క్షయ నివారణ పద్ధతికి అనంతపురము జిల్లాను మాదిరిగా ఎంచిరి. మంచమునుండి మందు ఊరిలోనికి నడచి వచ్చినది.

అయితే ఈ మాటను పెద్దలు జాగ్రత్తగా గ్రహింపవలెను. జ్వరము కాయుచు, కళ్లెలో రక్తము పడుచు, ఒళ్లు కరిగిపోవుచున్న క్షయరోగిని నాగలి పట్టుమని చెన్నపట్టణము చెప్పలేదు. విశ్రాంతికి రోగమును కుదుర్చు శక్తి లేదని మాత్రమే చెప్పినది. కుదుర్చునది మందు. జ్వరము తగ్గి, బలము వచ్చినకొలది తన పని తాను చేసికొనుట తప్పు కాదు. మందు నడుమ మానుట తప్పు.

క్షయకథ ఇట్లు ముగియగా ఇంకొక కథ మిగిలినది. క్షయ కుదిరినను ఊపిరితిత్తులలో మచ్చలు మిగులును. చుట్ట, బీడీ, రాతిక్వారీ దుమ్ము, ఏండ్లతరబడి కట్టెలపొయ్యిముందు కూర్చుండి గొట్టముతో ఊదిన పొగ, ఇవి గాలిగొట్టములను ఇఱుకు చేయును. ఎన్నడును చుట్ట ముట్టని ఆడువారికి కూడ ముసలితనమున ఆయాసము వచ్చుటకు పొయ్యిపొగ ఒక ముఖ్యకారణము. ఈ దీర్ఘరోగమునకు క్షయకువలె మూలమునుండి తీసివేయు మందు లేదు, పీల్చుమందులు ఉపశమనమునిచ్చును. ఇట్టివారికి సయితము చిరకాలము వైద్యులు కదలవద్దనియే చెప్పిరి.

1952లో అమెరికాలో ఆల్వన్ బరాక్ అను వైద్యుడు తన ఆయాసరోగులకు ప్రాణవాయువు నిచ్చుచు మెల్లమెల్లగా నడిపించి చూచెను. కొంతకాలమునకు వారు వాయువు లేకయే మునుపటికంటె సులువుగా నడువగలిగిరి. తరువాతి దశాబ్దమున డెన్వరు నగరమున థామస్ పెట్టీ మొదలగువారు దానినొక క్రమముగా తీర్చిరి. నాటినుండి పెక్కుదేశముల పరీక్షలు ఒకే మాట చెప్పుచున్నవి: కొలతతో కూడిన నడక వలన ఆయాసము తగ్గును, నడువగల దూరము పెరుగును, మనస్సు కుదుటపడును.

దీని కారణము తెలిసికొనదగినది. నడకవలన చెడిన ఊపిరితిత్తి బాగుపడదు. బాగుపడునవి కాళ్లు. ఆయాసమునకు భయపడి రోగి కూర్చుండును. కూర్చుండగా తొడల కండ కరిగిపోవును. కరిగిన కండకు కొద్దిపనికే ఎక్కువ గాలి కావలసివచ్చును. అందువలన ఆయాసము ఇంకను హెచ్చును. హెచ్చినది గదా యని ఇంకను కూర్చుండును. ఇది గానుగచుట్టు తిరుగుట వంటిది. నడక ఆ చుట్టును త్రెంచును. బలమైన కండ తక్కువ గాలితోనే పని ముగించును. కొడుకులును కోడండ్రును ప్రేమతో మంచినీళ్లు కూడ మంచముకడకే తెచ్చి యిచ్చుట చూతుము. ఆ ప్రేమయే ఒక్కొక్కప్పుడు ముసలివాని కాళ్లు విఱుచుచున్నది.

ఇక మొదట వేసిన చిక్కుముడి. 2020 మార్చిలో తెలంగాణములోని తొలి కరోనా రోగిని గాంధీ వైద్యశాలయందే చేర్చిరి. తరువాత ఆ వైద్యశాల మొత్తము ఆ రోగమునకే కేటాయింపబడెను. ఆ దినములలో ప్రతి గ్రామమునను ఒక మాట వినబడెను: కరోనాతోపాటు చక్కెరవ్యాధియో, రక్తపుపోటో, గుండెజబ్బో ఉన్నవారికి అపాయము హెచ్చు. రోగములు ఒంటరిగా రావని జనులకు అంత స్పష్టముగా ఎన్నడును తెలియలేదు. ఆఱు నిమిషములు నడచి, వ్రేలికి ఆక్సీమీటరు తగిలించి ప్రాణవాయువు తగ్గెనేమో చూచుకొను పద్ధతి కూడ అప్పుడే ఇండ్లలోనికి వచ్చినది. నిజమునకది ఊపిరితిత్తుల వైద్యులు చిరకాలముగా వాడుచున్న పరీక్ష. ముప్పది మీటర్ల వసారాలో రోగి ఆఱు నిమిషములలో ఎంతదూరము పోగలడో కొలుతురు.

ఆయాసరోగికి తోడుగా వచ్చు రోగములు కొన్ని కలవు. చక్కెరవ్యాధి గలవారికి క్షయ వచ్చుట ఇతరులకంటె రెండుమూడింతలు హెచ్చు. అందుచేతనే నేడు ప్రభుత్వ వైద్యశాలలలో క్షయరోగులకు చక్కెర పరీక్షయు చేయుదురు. ఉబ్బసమునకిచ్చు స్టీరాయిడు మాత్రలు చక్కెరను పెంచును, ఎముకలను గుల్ల చేయును. చుట్ట ఊపిరితిత్తులను మాత్రమే చెఱచి విడువదు, గుండెను కూడ చెఱచును. కావున ఆయాసరోగులలో గుండెజబ్బుతో పోవువారు పెక్కురు. రక్తహీనత యున్నచో ఊపిరితిత్తి బాగున్నను ఆయాసము కలుగును. వీనికితోడు దిగులు. నలుగురిలోనికి పోలేక, రచ్చబండ ఎక్కలేక, ఇంటికి బరువైతినని కుములుట కూడ రోగమే.

వీనిలో ఏది యున్నదో ఎఱిగి నడక కొలత మార్చుకొనవలెను. చక్కెరమందు వాడువాడు పరగడుపున దూరము నడువరాదు. చెమటపట్టి, చేతులు వణకినచో వెంటనే బెల్లమో పంచదారయో నోట వేసికొనవలెను. అతడు చెప్పులు లేక నడువరాదు. సుశ్రుతుని ఆ ఒక్క మాటను మాత్రము నేడు విడువవలసినదే. కాలికి తిమ్మిరియున్నవానికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. నడుచునప్పుడు ఱొమ్ములో బరువు, ఎడమచేతికి ప్రాకు నొప్పి, కన్నులు చీకట్లుక్రమ్ముట, పెదవులు నీలమగుట కలిగినచో వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. పాదములు వాచుచున్నచో గుండె పరీక్ష కావలెను. అన్ని రోగముల మందులును ఒక్క సంచిలో వేసికొనిపోయి ఒక్క వైద్యునికి చూపుట మఱవరాదు.

కొలత యెట్లు తెలియును? నడుచుచు ప్రక్కవానితో ఒక చిన్న మాట పూర్తిగా చెప్పగలిగినంత వేగము సరియైనది. మాట మధ్య త్రెగిపోయినచో వేగము హెచ్చినది. ఆయాసము వచ్చినప్పుడు ఆగి, ముక్కుతో పీల్చి, పెదవులు ముడిచి, ఎదుట దీపము వణకునుగాని ఆఱిపోదన్నంత మెల్లగా విడువవలెను. ఈ వారము గడపనుండి బావిదాక, వచ్చు వారము రావిచెట్టుదాక. పొయ్యిపొగ వెడలుటకు దారి చేసి, చుట్ట మానినచో ఈ నడకకు ఫలము కలుగును. లేనిచో ఒకచేత కట్టి ఒకచేత విప్పినట్లే.

ప్రాచీనుడు శ్వాసరోగిని కదలవద్దనెను, మేహరోగిని నడువుమనెను. రెండు రోగములు గలవానికి ఆయనయే చెప్పిన మూడవమాట జవాబైనది: నీ బలములో సగము. బ్రెమర్ కొండదారులు, పాటర్సన్ గడ్డపాఱ, చెన్నపట్టణపు గుడిసెలు, డెన్వరు వసారాలు అన్నియు చుట్టితిరిగి ఆ మాటకే వచ్చి చేరినవి. అయితే ఆ సగమును మంచమున పరుండినవాడు తెలిసికొనలేడు. లేచి నాలుగడుగులు వేసినవానికే అది తెలియును. ఆ నాలుగడుగులు వేయునప్పుడు ప్రక్కన నడచుటకు ఒకరుండవలెను. ఊరిలో పెద్దలుగా నున్నవారు ఆ తోడు కాగలిగినచో, ఎందఱో ముసలివారు మరల రచ్చబండదాక రాగలరు.